పాత బజారు అర్జీలు, రాసినది చెంగల్రాయుడు

పుంగనూరు పాత బజారులో గోవిందప్ప తాళ్ల అంగడికీ, అంకమ్మ గాజుల అంగడికీ నడుమ పంచలో కప్పు మోసే రెండు రాతి స్తంభాలు, అక్కడివాళ్ల మాటలో కూసాలు, ఉండేవి. ఆ కూసాల మధ్య నాలుగడుగుల చోటులో చెంగల్రాయుడు పద్దెనిమిదేళ్లు కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టాడు. ఆ చోటు ఎవరిదని అడిగితే గోవిందప్ప నాది అనేవాడు, అంకమ్మ నాది అనేది. నాది అనేవాళ్లు ఇద్దరు ఉండటం వల్ల, లెమ్మనే ధైర్యం ఇద్దరికీ లేకుండా పోయింది. గోవిందప్ప లేపితే అంకమ్మ ఊరుకోదు, అంకమ్మ లేపితే గోవిందప్ప ఊరుకోడు. వాళ్ల పోరు సాగినంతకాలం తన బతుకు సాగుతుందని చెంగల్రాయుడికి బాగా తెలుసు. అందుకే ఇద్దరిలో ఎవరు అడిగినా, ఈ చోటు ముమ్మాటికీ మీదే అని చెప్పేవాడు.

ఆయన సొంత ఊరు కుప్పం పక్కన ఒక పల్లె. ఎస్సెల్సీ తప్పి, ఏం చేయాలో తోచక మేనమామ వెంట పుంగనూరు వచ్చాడు. తప్పింది లెక్కల్లోనే గానీ తెలుగులో కాదని కొత్తగా పరిచయమైన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. అప్పట్లో ఆ కూసాల మధ్య ఆంజనేయులు అనే ముసలాయన కూర్చుని దస్తావేజులూ అర్జీలూ రాసేవాడు. చెంగల్రాయుడు ఆయన దగ్గర మూడేళ్లు సిరాబుడ్డి పట్టుకున్నాడు, ఆయన చూపు మందగించాక కలం పట్టుకున్నాడు, ఆయన పోయాక చోటు పట్టుకున్నాడు.

ఆయన రాసే అర్జీకి ఒక నడక ఉండేది. ‘మహారాజశ్రీ దొరగారి దివ్య సముఖానికి’ అని మొదలై, కష్టం చెప్పుకుని, పెద్ద సంసారమని గుర్తుచేసి, ‘ఇది తప్ప నాకు వేరే ఆధారం లేదు’ అనే దగ్గర చదివేవాడి గొంతు పూడుకునేలా చేసి, ‘చిత్తగించవలెను’ అని ముగిసేది. మూడు బావులూ ముప్పై ఎకరాల చెనక్కాయ చేనూ ఉన్న సదుం రైతు వచ్చినా సరే, చెంగల్రాయుడి కలం కింద ఆ రైతుకు వేరే ఆధారం ఉండేది కాదు. చదివి వినిపించేటప్పుడు, రాయించుకున్నవాళ్లే తమ కష్టానికి తాము కళ్లు తుడుచుకునేవాళ్లు. తంబళ్లపల్లె నుంచి వచ్చిన ఒకామె, ఇంత కష్టంలో ఉన్నానని నాకే తెలియదు నాయనా అందట. ఆ మాటను ఆయన పదేళ్లు చెప్పుకున్నాడు. చేతకాని అర్జీ ఒక్కటి కూడా తన చేతి నుంచి పోలేదన్నది ఆయన గర్వం. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి, ఆయనకు ఉన్నది అదొక్కటే.

అర్జీ అడుగున, వేలిముద్ర కింద, ‘రాసినది: చెంగల్రాయుడు, పాత బజారు, పుంగనూరు’ అని ఉండేది. దస్తావేజులు రాసేవాళ్లు అలా పేరు పెట్టుకోవడం పద్ధతి. అర్జీకి ఆ పద్ధతి అక్కర్లేదు. కానీ పేరు లేకపోతే నీ రాతను రేపు ఇంకొకడు తనదంటాడని ఆంజనేయులు చెప్పాడు గనక, శిష్యుడు దాన్ని ఒక్క కాగితం మీద కూడా మానలేదు. ఆ పేరు గుండ్రంగా, ముద్దుగా, పెళ్లిపత్రిక మీద వరుడి పేరులా ఉండేది. పైన ఎవరి వేలిముద్ర ఉన్నా, కాగితం పట్టుకున్నవాడి చూపు ముందు దాని మీదే పడేది.

ఇలా ఉండగా పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, బజారులో పెద్ద బట్టలంగడి ఉన్న లక్ష్మీపతి కళ్లద్దాలకని మదనపల్లె వెళ్లొచ్చాడు. కొత్త అద్దాల్లోంచి చూసేసరికి పాత బజారు ఆయనకు మొట్టమొదటిసారి పాతగా కనబడింది. పంచలు వంగిపోయి ఉన్నాయి. వాన పడితే కప్పులు కారుతున్నాయి. నడిమధ్య మురుగు కాలువకు మూత లేదు. ఇవన్నీ ఆయన పుట్టకముందు నుంచీ ఉన్నవే. కానీ మదనపల్లెలో మేడ మీద అంగళ్లు పెట్టుకుని వ్యాపారం చేస్తుంటే మనం ఇంకా పంచల్లో పడి ఉన్నామన్న బాధ మాత్రం కొత్తది. ఆ బాధ వారం తిరక్కుండానే ‘బజారు బాగు కమిటీ’ అయింది. కమిటీ ఆయన అంగట్లోనే కూర్చుంటుంది కాబట్టి ఆయనే అధ్యక్షుడయ్యాడు.

కమిటీ చెప్పింది ఒకటే. పాత అంగళ్లు మొత్తం పడగొట్టి, వాటి చోట రెండంతస్తుల కాంప్లెక్సు కట్టాలి. కాంప్లెక్సు అనే మాట అప్పుడే ఊళ్లోకి దిగింది. దాని అర్థం సరిగ్గా తెలియనివాళ్లు దాన్ని మరీ ఎక్కువ వాడారు. ఈ పని చూడటానికి చిత్తూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చి, పడగొట్టేముందు బజారు జనం ఏమంటారో తెలియాలి గనక పదిహేను రోజుల్లో అందరూ తమ అభిప్రాయం కాగితం మీద రాసి, అంగడి నంబరు, వెనక ఇళ్లవాళ్లైతే ఇంటి నంబరు వేసి, కమిటీకి ఇవ్వాలని చెప్పి పోయాడు.

పుంగనూరులో అభిప్రాయం లేని మనిషి ఆనాడూ లేడు, ఈనాడూ లేడు. దాన్ని దొరలకు నచ్చేలా కాగితం మీద పెట్టగల మనిషి మాత్రం ఒక్కడే. మరునాటి పొద్దున చెంగల్రాయుడు వచ్చేసరికి కూసాల ముందు పదిమంది కూర్చుని ఉన్నారు.

ముందు వచ్చింది గోవిందప్ప. తాళ్లూ పగ్గాలూ బొక్కెనలూ అమ్మే మనిషికి మేడ ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కుప్పంలో సైతం మేడ అంగళ్లు లేచాయట, మీ ఊరు అదే కదా, నిజమేనా అని మాత్రం అడిగాడు. చెంగల్రాయుడు కుప్పం ముఖం చూసి తొమ్మిదేళ్లయింది. అయినా లేదంటే పుట్టిన ఊరికి తక్కువ చేసినట్టవుతుందని తల ఊపాడు. ఆ తల ఊపుతో ‘కుప్పంలో సైతం’ అన్న మాట అర్జీలోకి ఎక్కింది. ఆ తరవాత కట్టాలని అడిగిన ప్రతి అర్జీలోనూ కుప్పం వచ్చి కూర్చుంది. అంత పొడుగు మేడ కుప్పంలో ఉన్నట్టు కుప్పంవాళ్లకు తెలియదు.

గోవిందప్ప లేచి వెళ్లగానే అంకమ్మ వచ్చింది. ఆయన ఏం రాయించాడని అడిగింది. ఒకరి అర్జీ ఇంకొకరికి చెప్పడం తన వృత్తిలో లేదని చెంగల్రాయుడు గంభీరంగా చెప్పాడు. అంకమ్మ కూడా అంతే గంభీరంగా ఆలోచించింది.

“ఆయప్ప కట్టల్లంటే నేను వద్దంటా. ఆయప్ప వద్దంటే నేను కట్టల్లంటా. నువ్వే సూసి రాయన్నా” అంది.

చెంగల్రాయుడు చూసి రాశాడు. ఈ పంచలో తన పుట్టింటి గాలి వీస్తుందనీ, ఇది పడగొడితే ఊరి ఆడవాళ్ల చేతులు బోసిపోతాయనీ రాశాడు. అంకమ్మ పుట్టిల్లు కలికిరి. అక్కడి గాలి పుంగనూరు పంచలోకి ఎలా వస్తుందో ఆమె అడగలేదు, కళ్లు ఒత్తుకుని వేలిముద్ర వేసింది.

కాఫీ హోటలు మునిస్వామి రెండు అర్జీలు రాయించాడు, ఒకటి కట్టాలని, ఒకటి వద్దని. ఏది గెలుస్తుందో తెలియనప్పుడు రెండు పక్కలా మన కాగితం ఉండటం మంచిదన్నాడు. బజారు వెనక ఇళ్లవాళ్లు ఈగల బాధ పోవాలంటే బజారు పోవాలన్నారు, కానీ ఉప్పుకూ పప్పుకూ దూరం నడవలేమని అదే కాగితంలో రాయించారు. బ్యాంకు లోను అర్జీ కోసం వచ్చిన ఒక రైతు అందరూ రాయించుకుంటున్నారని తన బ్యాంకు పాసుపుస్తకం నంబరు వేయించి తానూ ఒక అభిప్రాయం రాయించుకున్నాడు. దేని మీదని బస్సు ఎక్కేటప్పుడు అడిగాడు.

చెంగల్రాయుడు ఎవరికీ తక్కువ చేయలేదు. కట్టాలన్నవాళ్లకు ఎంత బలంగా రాశాడో, వద్దన్నవాళ్లకూ అంతే బలంగా రాశాడు. పదిహేను రోజుల్లో నూట నలభై మూడు అర్జీలు రాశాడు. వేళ్లు కాయలు కాశాయి. ఊరంతా తన చేతి మీదుగా నడుస్తోందన్న సంతోషంలో నొప్పి తెలియలేదు.

పంచ అంచున ఆయనకు ఎడమ పక్కన తిమ్మక్క పూలబుట్ట పెట్టుకుని కూర్చునేది. కనకాంబరాలూ మల్లెలూ కట్టి అమ్మేది. ఆమె ఆ పదిహేను రోజులూ వచ్చేపోయే వాళ్లను చూస్తూ పూలు కట్టుకుంది. నాకూ ఒకటి రాయమని అడగలేదు. నీకూ ఒకటి రాయనా అని ఆయనా అడగలేదు.

పద్నాలుగో రోజు చెంగల్రాయుడు కాగితాలు ఇవ్వడానికి లక్ష్మీపతి అంగడికి వెళ్లాడు. చీరల బీరువా పక్కన గోడకు కొత్త కట్టడం నక్షా వేలాడుతోంది. ఇన్ని రోజులుగా దాని గురించి రాస్తున్నాడే గానీ, ఆయన దాన్ని చూడటం అదే మొదలు. గోవిందప్ప అంగడి దొరికింది, అంకమ్మ అంగడి దొరికింది. రెంటి మధ్య పంచ లేదు, కూసాలు లేవు. తాను కూర్చునే చోట మేడకు పోయే మెట్లు ఉన్నాయి. వేలితో మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. వేలు మళ్లీ మెట్ల మీదే ఆగింది. డెబ్బై రెండు అర్జీల్లో ‘త్వరగా కట్టించవలెను’ అని రాసిన చెయ్యి ఇదే కదా అనుకున్నాడు.

ఇంటికి వెళ్లి భార్య కౌసల్యకు చెప్పాడు. ఆమె పొయ్యి దగ్గర సంగటి గెలుకుతూ వింది.

“ఊరందరివీ రాస్తివే, మనది రాసినావా?” అని అడిగింది.

“మనకు అంగడి నంబరు యాడుండాది? నంబరు ఎయ్యకుంటే తీసుకోరు.”

“నంబరు లేకుంటే ఆకలి కూడా ఉండదా? పో, పొద్దున్నే ముందు మనది రాయి.”

పొద్దున ఆయన ముందు తనదే రాయడానికి కూర్చున్నాడు. చివరి రోజే అయినా ఇంకా ఎవరూ రాలేదు. దివ్య సముఖానికి అని మొదలుపెట్టాడు. కష్టం చెప్పుకున్నాడు, సంసారం చెప్పుకున్నాడు. ‘ఇది తప్ప నాకు వేరే ఆధారం లేదు’ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఆ మాట లక్ష్మీపతి బావమరిదికి రాశాడు, ఆయనకు రెండు బియ్యం మిల్లులున్నాయి. గోవిందప్పకు రాశాడు, సదుం రైతులకు రాశాడు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు రాశాడో ఆయనకే తెలియదు. ఇప్పుడు అది తన విషయంలో అక్షరాలా నిజం. నిజమై కూడా కాగితం మీద ఉత్త మాటలాగే ఉంది. వేరే మాట కోసం వెతికాడు, దొరకలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అంతలో మునిస్వామి వచ్చి, వద్దన్న అర్జీని ఇంకొంచెం గట్టిగా మార్చి రాయమన్నాడు. చెంగల్రాయుడు తన కాగితం మడిచి పెట్టెలో పడేసి, ఆయనది రాశాడు.

కాగితాల లెక్క తేల్చే పని ఓబులేసు మీద పడింది. ఆయన లక్ష్మీపతి అంగట్లో గుమాస్తా, కమిటీకీ ఆయనే గుమాస్తా. అభిప్రాయం చెప్పినవారి పేరు, కట్టాలా వద్దా అన్నది పుస్తకంలో ఎక్కించాలి. సగం కాగితాల మీద వేలిముద్రలు. మిగతా సగం మీద సంతకాలు, అవి ఎవరివో దేవుడికే తెలియాలి. స్పష్టంగా కనబడిన పేరు ప్రతి కాగితం మీదా ఒకటుంది. ఓబులేసు ఎండాకాలం మధ్యాహ్నం ఉక్కలో కూర్చుని, కనబడిన పేరు ఎక్కించాడు. పని సాయంత్రంలోపే అయిపోయింది.

శనివారం ఆఫీసరు వచ్చి పుస్తకం చివరిదాకా చూసి మళ్లీ మొదటి పేజీకి తిప్పాడు. ఆ బజారులో చెంగల్రాయుడు అనే ఒకే ఒక్క పౌరుడు ఉన్నట్టూ, అతను నూట నలభై మూడు అభిప్రాయాలు ఇచ్చినట్టూ, డెబ్బై రెండుసార్లు కట్టాలనీ డెబ్బై ఒక్కసార్లు వద్దనీ అన్నట్టూ అందులో ఉంది. పక్కన ఓబులేసు ‘అభిప్రాయంలో నిలకడ లేదు’ అని తన వంతుగా రాశాడు. మళ్లీ అందరి దగ్గరా రాయించే గడువు లేదన్నాడు ఆఫీసరు. ఆ మనిషిని సోమవారం తన ముందుకు తీసుకురమ్మన్నాడు. ఇన్ని రాసినవాడికి బజారు మనసు తెలిసే ఉంటుంది, అతను చెప్పింది రాసుకుంటానన్నాడు.

ఆదివారం చెంగల్రాయుడి ఇల్లు తిరణాల అయింది. పద్దెనిమిదేళ్లలో ఆ గడప తొక్కనివాళ్లంతా వచ్చారు. లక్ష్మీపతి వచ్చి మంచం మీద కూర్చుని, మదనపల్లె పేరు మరిచిపోవద్దన్నాడు. గోవిందప్ప మామిడిపండ్లు తెచ్చాడు. ఆయన వెళ్లేదాకా సందు చివర ఆగి, అంకమ్మ అంతకంటే పెద్ద పండ్లు తెచ్చింది. మునిస్వామి కాఫీ పంపి, తన రెండు అర్జీల్లో ఏది చెప్పాలో ఆఫీసరు ముఖం చూసి చెప్పమన్నాడు. అందరూ తమ మాట చెప్పమన్నవాళ్లే. కౌసల్య వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది, ఎవరైనా ఇంకో మాట అడుగుతారేమోనని.

ఆ మాట తిమ్మక్క అడిగింది. అమ్ముడుపోని పూలు కౌసల్యకు ఇచ్చిపోదామని వచ్చి, గడప బయటే నిలబడి, “మెట్లు కడితే నువ్వు యాడ కూసుంటావన్నా?” అంది. చెంగల్రాయుడు లేచి గడప దాకా వచ్చాడు. తనను ఆ మాట అడిగిన మనిషిని తాను అదే మాట అడగలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

సోమవారం లక్ష్మీపతి అంగడి ముందు ఆఫీసరు కుర్చీ వేసుకున్నాడు. బజారంతా చుట్టూ చేరింది. చెంగల్రాయుడు చేతులు కట్టుకుని ముందు తన పేరు సంగతి చెప్పుకున్నాడు. అందరూ నవ్వారు, ఓబులేసు ఒక్కడు తప్ప. సరే, బజారుకు ఏం కావాలో చెప్పమన్నాడు ఆఫీసరు.

“సార్, ఆ కాగితాలు రాసింది నేను. వాళ్లు నాతో చెప్పింది వేరే” అన్నాడు చెంగల్రాయుడు.

ఏమి చెప్పారో చెప్పాడు. రాయించుకోవడానికి కూర్చున్నప్పుడు మేడ గురించి మాట్లాడినవాళ్లు చాలా తక్కువ. కాలువకు మూత వేయాలన్నారు, కప్పు కారకుండా చేయాలన్నారు, గోవిందప్ప తాళ్లు అంకమ్మ అంగడికి అడ్డం వేలాడకుండా చూడాలన్నారు. కాలువ మూత కోసం దొరలకు అర్జీ పెడితే బాగుండదని తానే దాన్ని మేడ దాకా పెంచి రాశాడు. ఆఫీసరు కలం పక్కన పెట్టాడు. మేడకు పైనుంచి ఉత్తర్వు ఎప్పుడో వచ్చేసిందనీ, కాలువ తన చేతిలో లేదనీ నెమ్మదిగా చెప్పాడు. మరి అభిప్రాయాలు ఎందుకు అడిగారని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా.

పోతూ పోతూ, నీ అభిప్రాయం ఏమిటని ఆఫీసరు మాటవరసకు అన్నాడు. చెంగల్రాయుడు దివ్య సముఖం అనలేదు, వేరే ఆధారం అనలేదు.

“ఈ బజార్లో నంబరు లేనోళ్లం ఇద్దరం ఉండాం సార్, నేనూ, పూలమ్మే తిమ్మక్కా. మీ మెట్లు మా మీదనే వస్తాండాయి. కట్టుకోండి. ఆ మెట్ల కింద మేము కూసునే పాటి చోటు ఇడిసిపెట్టండి.”

ఆఫీసరు నక్షా తెప్పించి, మెట్ల కింద పెన్సిలుతో చిన్న గడి గీసి, ‘నంబరు లేనివారు’ అని రాశాడు. ఎవరికైనా ఆక్షేపణ ఉంటే ముప్పై రోజుల్లో రాసి పంపుకోవచ్చని, అన్ని విషయాలకూ చెప్పినట్టే దీనికీ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తిమ్మక్క ఆ రోజు చెంగల్రాయుడి పెట్టె మీద ఒక మూర మల్లెలు పెట్టింది.

చప్పట్లు ఆరిన మూడో రోజుకు గోవిందప్పకు ఆలోచన వచ్చింది. మెట్ల కింద చోటంటే కొత్త కట్టడంలో అందరి కళ్లూ పడే చోటు. తనకు దక్కనిది అర్జీలు రాసేవాడికా? అదే ఆలోచన అదే రోజు అంకమ్మకూ వచ్చింది. ఇద్దరూ పంచలో ఎదురెదురు నిలబడి మాట్లాడుకున్నారు. చూసినవాళ్లు నమ్మలేదు. మునిస్వామి కాఫీ పంపాడు. లక్ష్మీపతి మదనపల్లెలో మెట్ల కింద ఎవరూ కూర్చోరని చెప్పాడు. మేడ విషయంలో నూట నలభై మూడు రకాలుగా చీలిన బజారు నాలుగడుగుల చోటు మీద ఒక్క మాటకు వచ్చింది.

అర్జీ ఎవరు రాయాలన్న ప్రశ్నే రాలేదు. గోవిందప్ప, అంకమ్మ కలిసి వచ్చి చెంగల్రాయుడి ముందు కూర్చున్నారు. మెట్ల కింద ఎవరినీ కూర్చోనివ్వకూడదని రాయమన్నారు. ఆయన ఇద్దరి ముఖాల్లోకీ చూశాడు, ఎక్కడైనా కాస్త సిగ్గు కనబడుతుందేమోనని.

“నీ మీద మాకేం లేదప్పా, ఆ చోటు మీదనే” అన్నాడు గోవిందప్ప. “వేరేవాళ్ల చేత రాయిస్తే బలముండదు.”

ఆ చివరి మాట చెంగల్రాయుడికి తగలాల్సిన చోట తగిలింది. అప్పుడైనా కలం పడేసి లేచిపోయి ఉండాల్సింది. ముందు ఆయన తెలివిగానే మొదలుపెట్టాడు. మాటలు తడబడేలా, వాదన కుంటేలా, చదివినవాడు పక్కన పారేసేలా ఒక అర్జీ రాశాడు. రాసి తనలో తాను చదువుకున్నాడు. అంత చేతకాని అర్జీ తన జన్మలో రాయలేదు. అది చిత్తూరు పోతుంది, అడుగున తన పేరు ఉంటుంది. దొరలు దాన్ని చూసి ఇంతేనా వీడి రాత అనుకుంటారు. కాగితం చించేసి కొత్తది తీశాడు.

ఈసారి కలం ఆగలేదు. మెట్లు దారి అనీ, దారిలో మనిషి కూర్చుంటే దారి దారి కాకుండా పోతుందనీ రాశాడు. ఇవాళ ఇద్దరికి ఇస్తే రేపు ఇరవైమంది వస్తారనీ, నంబరు ఉన్నవాడికి లేని సౌకర్యం నంబరు లేనివాడికి ఇవ్వడం ధర్మం కాదనీ రాశాడు. పెద్ద సంసారం రాశాడు, వేరే ఆధారం రాశాడు. అది ఆయన జీవితంలో రాసిన అర్జీలన్నిటిలోకీ గొప్పది. చదివి వినిపించేసరికి అంకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గోవిందప్ప గొంతు బొంగురుపోయి, మాకింత అన్యాయం జరిగిందా అప్పా అన్నాడు. బజారు బజారంతా వచ్చి వేలిముద్రలు వేసింది. సంగతి తెలిసిన రోజు కౌసల్య ఆయనకు సంగటి పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా అవతలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

నెల దాటాక చిత్తూరు నుంచి గోవిందప్ప పేరిట జవాబు వచ్చింది. ఆయన దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, చదివిపెట్టమని చెంగల్రాయుడి దగ్గరికే తెచ్చాడు. పక్కన తిమ్మక్క పూలు కడుతోంది. చెంగల్రాయుడు కళ్లజోడు సరిచేసుకుని, ఎప్పుడూ చదివేలాగే, ఆగాల్సిన చోట ఆగుతూ పైకి చదివాడు. అర్జీదారులు చూపిన కారణాలు మిక్కిలి సమంజసంగానూ, కదిలించేవిగానూ ఉన్నందున, మెట్ల కింద చోటును మూసివేసి గోడ కట్టడానికి ఉత్తర్వు ఇవ్వడమైనది అని ఉంది.

“అంటే ఏమప్పా?” అన్నాడు గోవిందప్ప.

“నేనూ తిమ్మక్కా ఈడ్నుంచి లేసిపోవల్ల అని.”

గోవిందప్ప కాగితం తీసుకుని జాగ్రత్తగా మడిచాడు. “ఎంత బాగా రాసినావప్పా” అని మనస్ఫూర్తిగా అని తన అంగట్లోకి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన చెంగల్రాయుణ్ణి మెచ్చుకోవడం అదే మొదలు.

తిమ్మక్క చేతిలో పూలు ఆగాయి. ఆమె గొంతులో కోపం లేదు.

“నా కోసం నోటితో చెప్తివి. వాళ్ల కోసం చేత్తో రాస్తివి కదన్నా” అంది.

తిమ్మక్క మిగిలిన పూలు బుట్టలో సర్దుకుని, తడిగుడ్డ కప్పి, లేచి బస్టాండు వైపు నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, చెంగల్రాయుడు కూడా తన కాగితాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.